మేనేజరుగారి ఖాతా

ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆమెను అందరూ కంప్యూటరమ్మ అంటారు. ఆ పూట ఆమె పెట్టుకున్న పని చిన్నదే. ఆఫీసు కంప్యూటర్లో ఎవరెవరి పేరున ఖాతాలున్నాయో చదివి, ఏడాదిగా ఎవరూ తెరవనివి మూసేయడం. అందుకు పైథాన్ అనే కంప్యూటరు భాషలో చిన్న ప్రోగ్రాం రాసింది. ఖాతా మూసినప్పుడల్లా గేటు దగ్గరి సెక్యూరిటీకి మెసేజ్ దానంతటదే వెళ్లేలా ఏర్పాటు కూడా చేసింది. తన తెలివికి తానే మురిసిపోతూ టీకి వెళ్లింది. తన ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద మేనేజరుగారు ఆ రోజే సంతకం పెట్టాలి మరి.

ఖాతా మూశారంటే మనిషి ఉద్యోగం మానేసినట్టేనని ఆ ఆఫీసులో సెక్యూరిటీ లెక్క. ఆమె తిరిగొచ్చేసరికి గేటు దగ్గర రభస. సెక్యూరిటీ అతను మేనేజరుగారిని ఆపేశాడు.

"సార్, మీరు మానేశారటగా. కార్డు ఇచ్చేయండి."

"నేనా? ఎప్పుడు?"

"ఇందాకే సార్. మెసేజ్ వచ్చింది."

పై ఆఫీసువాళ్లు తనకు ఉద్వాసన చెప్పేశారనుకుని మేనేజరుగారు కార్డు తీసిచ్చి, సామాను తెచ్చుకోవడానికి పైకి బయల్దేరారు. ఆ కబురు ఆయనకంటే ముందే మేడెక్కింది. టైపిస్టు కళ్లొత్తుకుంది. డిప్యూటీ అప్పుడే తన టీకప్పును మేనేజరు గదిలోకి చేర్చేశాడు. ఎన్నడూ నోరు విప్పని అకౌంటెంటుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదుగానీ సార్, మీ జోకులకి నేను నవ్వింది ఉద్యోగం కోసమే!"

కంప్యూటరమ్మ పరుగున వెళ్లి ఖాతాల వివరాలు చూసింది. మూసినవాటిలో మేనేజరుగారిదీ ఉంది. పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం మిగిలితే చాలనుకుంటూ మేనేజరుగారిని ఆయన గదిలోకి తీసుకెళ్లింది.

"మిమ్మల్ని ఎవరూ తీసెయ్యలేదు సార్. తప్పు నాదే. వాడని ఖాతాలు మూసెయ్యమని ప్రోగ్రాం రాశాను."

"మరి అది నన్నెందుకు పట్టుకుంది?"

"మీ ఖాతా... ఇచ్చిన రోజు నుంచీ ఒక్కసారి కూడా తెరవలేదు సార్."

మేనేజరుగారు వెళ్లి తలుపు మూశారు. ఇక తన పని అయిపోయిందనుకుంది ఆమె. ఆయన గొంతు తగ్గించారు.

"స్టాఫందరికీ కంప్యూటరు నేనే దగ్గరుండి నేర్పానని పై ఆఫీసుకి రాశానమ్మా. ఈ మాట ఈ గది దాటకూడదు."

"దాటదు సార్!"

ఆయన హమ్మయ్య అనుకుంటూ ఆమె కాగితం మీద సంతకం పెట్టారు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. డిప్యూటీ టీకప్పు వెనక్కి వెళ్లింది. అకౌంటెంటు జోకు వినకముందే నవ్వడం మొదలుపెట్టాడు.

మర్నాటి నుంచి మేనేజరుగారు రోజూ ఠంచనుగా లాగిన్ అవుతున్నారు. అయిన వెంటనే కంప్యూటరు కట్టేస్తున్నారు.