అన్నీ మధ్యకే

వొనొసోబో ప్రాథమిక పాఠశాలకు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు సుదర్మో, జకార్తాలో శిక్షణకు వెళ్లి ఒక్క మాట మాత్రం నేర్చుకొచ్చారు. సోమవారం జెండా వందనం కాగానే టీచర్ల ముందు దాన్ని బయటపెట్టారు.

"ఇవాళ్టి నుంచి బడిలో అన్నీ కేంద్రీకరిస్తున్నాం. నా మాట లేకుండా కుర్చీ కూడా కదలకూడదు. సాయంత్రానికి పని పూర్తవ్వాలి."

అని మీటింగుకు వెళ్లిపోయారు.

"ఏం చెయ్యమనీ?" అన్నాడు డ్రిల్లు మాస్టారు గియాంతో.

"పెత్తనమంతా తన చేతిలోనే ఉంచుకుంటానని," అంది తుమీనా. ఆమె ఏళ్ల తరబడి కాంట్రాక్టు టీచరు. ఈసారైనా పర్మనెంటు చేస్తారని ఆశ.

"దానికి సాయంత్రం దాకా పనేముందమ్మా?" అని గియాంతో ఫోన్ చేశాడు.

మీటింగులో ఉన్న సుదర్మోకు చిర్రెత్తింది. "కేంద్రం అంటే తెలీదా? మధ్య! అన్నీ మధ్యకి రావాలి!" అని ఫోన్ కట్టేశారు.

బీరువాలు, పుస్తకాలు, సంగీతం క్లాసులోని గామెలాన్ వాద్యాల గంటలు అన్నీ ఆవరణ మధ్యకు చేరాయి. సరిగ్గా మధ్యో కాదో గియాంతో తాడుతో కొలిచి మరీ చూశాడు.

మధ్యాహ్నానికి సిందోరో కొండ మీంచి మబ్బు దిగింది.

"లోపలికి లాగుదాం, పట్టండి!" అంది తుమీనా.

"ఆయన చెప్పకుండా కదపకూడదుగా?"

"వాన ఆయన్ని అడిగి వస్తోందా?"

ఎవరూ కదల్లేదు. సుదర్మో ఫోన్ పలకలేదు. అందరూ వరండాలో నిలబడి చూస్తుంటే, తుమీనా ఒక్కతే తడుస్తూ ఒకటో తరగతి వాచకాలు మాత్రం మోసుకురాగలిగింది. మిగతా పుస్తకాలన్నీ నాని ముద్దయిపోయాయి.

సాయంత్రం సుదర్మో వచ్చి చూసి పాలిపోయారు. పై ఆఫీసుకు ఎవరో ఒకరి పేరు చెప్పాలి.

"మీరు మధ్యకన్నారు, పెట్టాం. కదపొద్దన్నారు, కదపలేదు," అన్నాడు గియాంతో.

"క్రమశిక్షణంటే అదీ!" అన్నారాయన. ఆయన చూపు వరండా మూలకు వెళ్లింది. "మరి ఇవెందుకు పొడిగా ఉన్నాయి?"

"నేనే తెచ్చానండి," అంది తుమీనా, కొంగు పిండుకుంటూ. మెచ్చుకుంటారేమోనని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"ఎవరు తెమ్మన్నారు?"

"వానొచ్చిందండి."

"వాన మీ హెడ్మాస్టరా?"

ఆజ్ఞ మీరి సామాన్లు కదిపి, బడిలో గందరగోళం సృష్టించిందని పై ఆఫీసుకు రాశారు. ఆమె కాంట్రాక్టు రద్దయింది. ఆమె వైపు చూడలేక గియాంతో తల దించుకున్నాడు.

అప్పీలు చేసుకోవచ్చని ఎవరో చెబితే, తుమీనా ఇస్త్రీ బట్టలు కట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, అప్పీళ్లు కూడా కేంద్రీకరించారనీ, ఈ నెల నుంచి అన్నీ సుదర్మోగారే వింటున్నారనీ మర్యాదగా చెప్పాడు.