చలామణీకి పనికిరాని సత్తిరాజుగారు

సోమవారం పొద్దున్న పాల ప్యాకెట్లతో పాటు ఇంకో సత్తిరాజుగారు కూడా గుమ్మంలోకి రావడంతో, కాకినాడ రామారావుపేటలో రత్నకుమారి ఒక కప్పు కాఫీ ఎక్కువ కలపాల్సి వచ్చింది. ఇద్దరికీ అదే గళ్ల లుంగీ, అదే బట్టతల, మెడ మీద అదే పుట్టుమచ్చ. ఇద్దరూ "రత్నం, కాఫీ" అన్నారు. ఆ వీధిలో ఇది మొదటిసారేమీ కాదు. పోయిన నెల పక్కింటి సూరమ్మకి అత్తగారు ఇద్దరయ్యారు. కాబట్టి రత్నకుమారి చెరో కప్పూ చేతికిచ్చి, నకిలీల కార్యాలయానికి ఫోన్ చేసి కబురు చెప్పింది.

మనుషుల్లో నకిలీల సంగతి ఎవరికీ తెలియక, ప్రభుత్వం ఈ పనిని పాత నాణేల్లో నకిలీలు పట్టుకునే శాఖకే అప్పగించింది. పద్ధతి తేలిక. ఇంటివాళ్లు వెళ్లి నాణేల మీద గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తర్వాత ఇంట్లో మనిషిని పరీక్షించి చెప్పాలి. నకిలీ అని తేలినవారిని కరిగిస్తారు. పొరపాటున తప్పు చెప్పినా కరిగిస్తారు, కాకపోతే అసలాయన్ని. ఈ ఒక్క ముక్క మటుకు రత్నకుమారికి గొంతు దిగలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ సణుక్కుంటూ భరించిన మనిషిని, తన చూపు ఆనక కొలిమిలోకి పంపేస్తానేమోనని ఆవిడకి నిజంగా భయం వేసింది.

అసలు ఆ ఇంట్లో నాణేల పిచ్చి ఆయనది. మున్సిపాలిటీ నీళ్ల విభాగంలో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా, సత్తిరాజుగారు పాత నాణేలు కొంటూనే ఉన్నారు, మోసపోతూనే ఉన్నారు. కంపెనీ దొరలు భక్తితో నాణెం మీద రాముడి పట్టాభిషేకం బొమ్మ వేయించారంటే నమ్మి కొన్నారు. బియ్యాన్ని తనవైపు లాక్కుంటుందని ఎవడో ఒట్టేసి చెబితే ఓ రాగి బిళ్ల కొని, చుట్టూ బియ్యం పోసి, వేసవంతా దాని ముందే కూర్చున్నారు. ఒక్క గింజ కదిలితే ఒట్టు. "పాతది కదే, టైం పడుతుంది" అన్నారు. ఆ బియ్యాన్నే రత్నకుమారి పరమాన్నం వండి ఆయనకే పెట్టింది.

తరగతులు చెప్పే అధికారిణి పేరు ఇందుమతి. సన్నగా, ఓపిగ్గా ఉండే మనిషి. వేలికొన మీద వెండి రూపాయి నిలిపి, గోటితో మీటి వినిపించేది. అసలుది సన్నగా చాలాసేపు మోగుతుంది, సీసం కలిసింది టప్పుమని ఊరుకుంటుంది. పోత పోసినదానికి అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, ఒంటి మీద సన్నటి గుంటలుంటాయి. అసలుది ఎత్తుగా ఉన్నచోటే అరుగుతుంది. దొంగవాడు తొందరలో అంతటా ఒకేలా రుద్దేస్తాడు.

"వీటన్నిటికంటే దిద్దిన నాణెం చాలా ప్రమాదమండీ" అని ఇందుమతి హెచ్చరించేది. "లోహం అసలుదే. అచ్చూ అసలుదే. సంవత్సరంలో ఒక అంకె గోకి మార్చేస్తారు. ఎంత అసలుదైనా దిద్దితే నకిలీ కిందే లెక్క. ఇంకోటి, మీకు దణ్ణం పెడతాను, ఇంటికెళ్లి వేటినీ తోమకండి. తోమితే మెరుస్తాయి గానీ విలువ పోతుంది."

రత్నకుమారి ఇంటికెళ్లి పరీక్షలు మొదలుపెట్టింది. బియ్యం కొట్టు కాటా మీద ఇద్దరూ ఒకే తూకం తూగారు. గడప తగిలితే ఇద్దరూ ఒకే శ్రుతిలో "అమ్మా" అన్నారు. భూతద్దం పెట్టి చెవుల వెనక అతుకు కోసం వెతికితే ఇద్దరికీ చక్కిలిగిలి పుట్టింది. ఇద్దరిలో ఒకాయన మాత్రం తడి తువ్వాలు మంచం మీద పడేయకుండా దండెం మీద ఆరేసి, పులుసు బాగుందని మెచ్చుకున్నాడు. అనుమానం అక్కడే మొదలైంది.

"ఆయన్నే అసలని చెప్పెయ్యి వదినా" అంది సూరమ్మ గోడ మీంచి. "ఎవరు చూడొచ్చారు గనక?"

రత్నకుమారికి ఒళ్లు మండింది. "నువ్వు మీ అత్తగార్ని మార్చేసుకున్నట్టు నేను మొగుణ్ణి మార్చుకోలేనమ్మా" అని లోపలికొచ్చి, ఆ రాగి బిళ్లని ఇద్దరి ముందూ పెట్టింది.

తువ్వాలు ఆరేసినాయన దాన్ని ఇలా తిప్పి అలా పెట్టేశాడు. "పోత పోసిందండీ. అంచున అతుకు కనబడుతోంది. పారేయండి."

రెండో ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని లుంగీతో తుడిచారు. "దీన్ని పారేస్తావుటే? ఇంకాస్త టైం ఇవ్వాలి."

రత్నకుమారి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చింది. మొగుడు దొరికాడు. మోసపోయే గుణానికి అచ్చు తీయడం ఎవరి వల్లా కాదని ఆవిడకి తెలిసిపోయింది.

కార్యాలయంలో ఇందుమతి ఆవిడ మాట ఒప్పుకుంది, మెచ్చుకుంది కూడా. తర్వాత సత్తిరాజుగారిని పుట్టినరోజు ఎప్పుడని అడిగింది. నాగుల చవితి మర్నాడని వాళ్లమ్మ చెప్పేదన్నారాయన. బళ్లో మాత్రం హెడ్మాస్టరుగారు జూలై ఒకటి వేశారు. ఆయన ఆ ఏడు చేరిన పిల్లలందరికీ జూలై ఒకటే వేశారు, వయసు చాలనివాళ్లకి ఒక ఏడు కలిపి మరీ వేశారు. కొత్తాయన నిజంగానే జూలై ఒకటిన పుట్టాడు. పోయిన జూలై ఒకటిన.

"అయితే మీవారు దిద్దినవారు" అంది ఇందుమతి, బాధగానే. "అసలువారే. కానీ కరిగించాలి. తేదీ సరిపోయిన కొత్తాయనే చలామణీకి చెల్లుతారు."

"మా వయసువాళ్లలో దిద్దనివాళ్లు ఎవరున్నారమ్మా?" అంది రత్నకుమారి.

"ఎవరూ లేరండీ. నాదీ కాగితాల్లో జూన్ పన్నెండు, మా నాన్న మార్పించారు. ఇంకా నా వంతు రాలేదు."

రత్నకుమారి భర్త చెయ్యి వదల్లేదు. నాణేలవాళ్లు నకిలీలని కూడా దాచుకుంటారని తరగతిలో చెప్పారు కదా అని నిలదీసింది. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. అలాంటి నిబంధన ఉంది. అంచున గంటు కొట్టి, ఎక్కడా చలామణీ చేయబోమని ఒప్పుకుంటే, నకిలీని చూసుకోవడానికి ఇంట్లో ఉంచుకోవచ్చు. మనిషికి అంచు చెవి. సత్తిరాజుగారి ఎడమ చెవికి చిన్న గంటు కొట్టి ఇంటికి పంపేశారు.

అప్పట్నుంచీ పింఛనుకీ, ఓటుకీ, పెళ్లిళ్లకీ కొత్తాయనే వెళ్లొస్తున్నాడు. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లతో చక్కగా మాట్లాడతాడు. బంధువులందరూ సత్తిరాజు ఇన్నాళ్లకి మనిషయ్యాడని సంతోషించారు.

దసరా ముందు ఇంకో రత్నకుమారి వచ్చింది. ఈసారి తరగతులకి వెళ్లింది గంటు చెవి సత్తిరాజుగారు. అన్నీ శ్రద్ధగా విన్నారు. భూతద్దం తిరగేసి పట్టుకుని ఇద్దరినీ చాలాసేపు పరీక్షించి, మెరిసిపోతున్న కొత్తావిడని చూపించి, "ఇదే నా రత్నం, అనుమానమే లేదు" అన్నారు గర్వంగా. రెండో ఆవిణ్ణి కరిగిస్తారనేసరికి మాత్రం కంగారుపడి, "నకిలీ అయితే మాత్రం పాపం, ఈవిణ్ణి కూడా మా ఇంట్లోనే ఉంచండి" అని బతిమాలారు.

రత్నకుమారికి కోపం రాలేదు. ఆయన సరిగ్గా గుర్తుపట్టి ఉంటేనే ఆవిడ భయపడి ఉండేది. చెవికి గంటు కొడుతుంటే, నొప్పిగా ఉందా అని ఆయన పక్కనే కూర్చుని పదే పదే అడిగారు.

ఇప్పుడు ముందు గదిలో అసలు దంపతులు ఉంటున్నారు. వీధిలో అందరికీ వాళ్లంటే గౌరవం. గంటు చెవులవాళ్లిద్దరూ వెనక వరండాలో ఉంటారు. సాయంత్రం సత్తిరాజుగారు పళ్లెంలో రాగి బిళ్ల పెట్టి చుట్టూ బియ్యం పోస్తారు.

"కదిలింది, చూశారాండీ?" అంటారు. నకిలీ అయినా పరాయి ఆడమనిషి కదా అని ఆవిణ్ణిప్పుడు ఆయన గౌరవంగా అండీ అంటున్నారు.

"చూశానండీ" అంటుంది రత్నకుమారి. "కదిలింది."