బైండరు గారి పది ఆల్బమ్‌లు

ఆ రోజు ఉదయం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా లిస్టు సాపు రాయడం, పన్నెండులోగా రేడియో స్టేషను డబ్బాలో వేయడం, సాయంత్రం నాలుగింటికి మామగారింట్లో కూర్చుని తోడల్లుడి ముఖం మాడిపోతుంటే కళ్లారా చూడడం. మొదటి రెండు పనులూ మూడోదాని కోసమేనని వేరే చెప్పాలా?

అతను ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు బైండింగ్ చేస్తాడు. చేతులు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లను అట్టలకు అతికిస్తుంటే చెవులు పాప్ పాటలు వింటుంటాయి. ఏడాది పొడవునా వచ్చిన పాప్ ఆల్బమ్‌లన్నీ విని, ఒక్కోదానికీ మార్కులేసి, చివరికి పదింటిని ఏరి, ఎందుకు నచ్చాయో ఒక్కో ముక్క రాసి రేడియోకు ఇస్తాడు. శ్రోతలిచ్చిన వాటిల్లో ఒక్కటంటే ఒక్క లిస్టును ఏటా, గడువు ముగిసిన సాయంత్రమే, రేడియోలో చదువుతారు. మూడేళ్లుగా చదువుతున్నది అతని తోడల్లుడి లిస్టు.

తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, చెవి మిషన్లు అమ్ముతాడు. అందుకని లోకంలోని చెవులన్నిటి మీదా పెత్తనం తనదేనని అతని ధీమా. పోయినేడు అతని లిస్టు చదువుతుంటే మామగారు రేడియో సౌండు పెంచి, మా చిన్నల్లుడిది చెవంటే చెవి అని మురిసిపోయారు. పెద్దల్లుడు ఆ పక్కనే రెండు చెవులతోనూ కూర్చుని ఉన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఆడవాళ్ల మీద సామెత కట్టారు గానీ, తోడల్లుళ్ల ఏడుపు మీద ఎవరూ ఏమీ కట్టలేదు. కట్టాల్సింది మగవాళ్లే కదా. ఆనాటి నుంచీ బైండరుకు ఒంటికి కారం రాసుకున్నట్టే ఉంది.

ఇక స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. ఆల్బమ్‌ల మీద గాని లిస్టుల్లో గాని మనుషుల పేర్లు రాయరు. ఒకసారి ఒకే పేరున్న ఇద్దరు పెళ్లికొడుకుల ఆల్బమ్‌లు తారుమారై, ఒకాయన భార్య ఇంకొకాయన టీపాయ్ మీద నెల్లాళ్లు ఉండిపోయింది. అప్పటి నుంచి ఓనరు "ఫలానా వాళ్ల అబ్బాయి", "ఫలానా వారి అమ్మాయి" అని మాత్రమే రాయమన్నాడు. ఆ రోజు తయారైన పది ఆల్బమ్‌ల లిస్టు రాసి, పార్టీలు చూసుకునేలా ముందరి అద్దానికి అతికించమని చెప్పి, ఆయన ఫోటోలు తీయడానికి వెళ్లిపోయాడు.

బైండరు రెండు లిస్టులూ రాశాడు. ఒకే ప్యాడు కాగితం, ఒకే పెన్ను, రెండిటికీ పైన పెద్ద అక్షరాలతో "ఆల్బమ్‌లు" అన్న ఒకటే మాట. రెండూ మడతపెట్టి బల్ల మీద పెట్టేసరికి ఇంటి నుంచి ఫోను. మరిదిగారు వారం కిందటే లిస్టు ఇచ్చేశారని, రంగురంగుల అక్షరాల్లో టైపు చేయించి అట్ట ఫైల్లో పెట్టి మరీ ఇచ్చారని, సాయంత్రం కోసం కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నారని భార్య వార్తలన్నీ వరసపెట్టి చదివింది.

"రేడియోలో చొక్కా ఎవరికి కనపడుతుందే?" అన్నాడు బైండరు.

"మా నాన్నకి కనపడుతుంది కదండీ" అంది ఆవిడ.

ఆ మాటతో అతని కళ్లకు పొరలు కమ్మాయి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక కాగితం నాలుగు మూలలా గమ్ము రాసి అద్దానికి లోపలి నుంచి అతికించాడు. అక్షరాలు వీధి వైపు, తెల్ల కాగితం తన వైపు. రెండోది కవర్లో పెట్టి, నాలుకతో తడిపి మూసి, పైన తన పేరు రాసి, స్కూటరు మీద పరుగెత్తి, పన్నెండుకు పది నిమిషాలుందనగా డబ్బాలో వేశాడు. వచ్చేటప్పుడు ఒక పాత పాట కూనిరాగం కూడా తీశాడు పాపం.

స్టూడియో ముందు జనం ఉన్నారు. అద్దంలో అతను మనసుపెట్టి రాసుకున్న పాప్ లిస్టు ఊరందరికీ దర్శనమిస్తోంది. "ఒకటి: రెండో వాన. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా విసుగు పుట్టదు. నాలుగు: ఖాళీ కుర్చీ. బాగానే ఉంది గాని సాగతీత. తొమ్మిది: గాజు మేడ. పైన పటారం, లోన లొటారం."

పేర్లు రాయని స్టూడియో కదా, పార్టీలు తమ తమ పెళ్లిళ్లను గుర్తుపట్టేసుకున్నారు. బేకరీ ఆవిడ కొడుకు పెళ్లిలో వాన రెండుసార్లు పడింది, కాబట్టి ఫస్టు ర్యాంకు తనదేనని ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ల అభినందనలు అందుకుంటోంది. హెడ్మాస్టరు గారి అమ్మాయి పెళ్లిలో ముందు వరసలో ఒక కుర్చీ, అలిగి రాని తమ్ముడి కోసం అట్టిపెట్టినది, చివరిదాకా ఖాళీగా ఉండిపోయింది. ఆ సంగతి స్టూడియో వాళ్లు బజారున పెడతారని ఆయన అనుకోలేదు. డాక్టరమ్మ చెల్లెలి పెళ్లి జరిగిన హాలుకు నాలుగు వైపులా అద్దాలే.

"మా అమ్మాయి పెళ్లి రోజున వాన పడకపోతే అది నా తప్పా?" అని హెడ్మాస్టరు నిలదీశారు. ముప్పై ఏళ్లు పిల్లలకు ర్యాంకులిచ్చిన మనిషికి నాలుగో ర్యాంకు మింగుడుపడలేదు, అందులోనూ బేకరీ వాళ్ల కింద. డాక్టరమ్మ మాత్రం, లోన లొటారం అన్నది చెల్లెల్నా, చెల్లెలి మొగుణ్నా అని నింపాదిగా అడిగింది. మొగుణ్ని అయితే తనకేమీ అభ్యంతరం లేదంది.

అవి పాటల ఆల్బమ్‌లని, పెళ్లిళ్లకూ వాటికీ ఏ సంబంధమూ లేదని బైండరు ఒట్టు పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు ఒక్క క్షణం ఆలోచించి, ఏ దస్తూరీనీ వదలని కళ్లతో అద్దం వైపు చూశారు.

"సరే, ఇది పాటల లిస్టు. మరి మా లిస్టు ఏదయ్యా?"

ఆ లిస్టు కవర్లో ఉందని, కవరు రేడియో డబ్బాలో ఉందని బైండరుకు అప్పుడు వెలిగింది. వెంటనే మళ్లీ స్కూటరెక్కాడు. అతను పారిపోయాడంటే తప్పు చేశాడనే అర్థమని అందరూ తీర్మానించుకున్నారు. అప్పుడే తిరిగొచ్చిన ఓనరును చుట్టుముట్టి, వచ్చే లిస్టులో పైకి రావాలంటే అట్ట మార్పించుకుంటే సరిపోతుందా, పేజీలు కూడా పెంచాలా అని అడగడం మొదలుపెట్టారు.

రేడియో స్టేషనులో రిసెప్షను ఆవిడ, ఏటా లిస్టు తెచ్చే అతన్ని గుర్తుపట్టి లేచి నమస్కారం పెట్టింది. లోపల లిస్టులు ఎంచి చదివే మేడం కవరు విప్పి చదివి కుర్చీలోంచి లేచి నిలబడిపోయారట. మిగతావన్నీ ఆ పాత మూసవే, ఈ ఏడు చదివేది మీదేనని ఆవిడ రహస్యంగా చెప్పింది. మూడేళ్లుగా ఏ మాట కోసం కుళ్లి కుళ్లి చచ్చాడో ఆ మాట చెవిన పడింది గాని, దాన్ని ఆనందించే రాత అతనికి లేదు.

"అమ్మా, అది తప్పుడు కాగితం. అవి పెళ్లి ఆల్బమ్‌లు."

"మేడం కూడా అదే అన్నారండీ. పదీ పెళ్లి మీదేనట, ఒక్కో పేరూ ఒక్కో కథలా ఉందట" అందావిడ. కాగితం తిరిగిమ్మంటే, గొప్పవాళ్లంతా ఆఖరి నిమిషంలో ఇలాగే వెనకాడతారని ధైర్యం చెప్పి పంపింది.

నాలుగింటికి మామగారింట్లో అందరూ రేడియో చుట్టూ చేరారు. తోడల్లుడు కొత్త చొక్కాతో నడిమధ్య కూర్చున్నాడు. బైండరు గుమ్మం పక్కన, తొందరగా బయటపడే వీలున్నచోట కూర్చున్నాడు. ఊరందరి ముందూ నవ్వులపాలవడం అతనికి పెద్ద బాధ కాదు. ఈ చొక్కా ముందు కావడమే బాధ.

మేడం గొంతు తన్మయత్వంతో వణికింది. ముందు బైండరు పేరు చదివింది. తోడల్లుడి చిరునవ్వు చప్పున ఆరిపోయింది. ఆ తర్వాత ఆవిడ లిస్టు మొదలుపెట్టింది. "ఒకటి, బేకరీ వాళ్ల రెండో అబ్బాయి. నలభై షీట్లు. రెండు, హెడ్మాస్టరు గారి అమ్మాయి. నల్ల అంచు. మూడు, డాక్టరమ్మ చెల్లెలు. రెండు కాపీలు, ఒకటి తిరిగొచ్చింది." మూడోదాన్ని ఆవిడ రెండుసార్లు చదివింది. ఇంత తక్కువ మాటల్లో ఇంత దుఃఖమా అని నిట్టూర్చింది. పదీ చదివాక, తమ లైబ్రరీ అంతా గాలించినా ఈ పదింటిలో ఒక్కటి కూడా దొరకలేదని, ఎవరి చెవికీ అందని ఆణిముత్యాలు వెతికి తెచ్చిన ఈ శ్రోతకు జోహార్లని ముగించింది.

మామగారు ఎటూ తేల్చుకోలేక, అలవాటుగా చెవి ఉన్న అల్లుడి వైపు తిరిగారు. అందరూ తిరిగారు. బైండరు ఇక లాభం లేదనుకున్నాడు. నిజం ఒప్పుకుందామని నోరు తెరిచాడు కూడా.

తోడల్లుడు కాలరు సవరించుకున్నాడు. ఊళ్లో ఎవరూ వినని పది ఆల్బమ్‌లు ఉన్నాయని, వాటిని తనకంటే ముందు తోడల్లుడు విన్నాడని ఒప్పుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు.

"అన్నీ నేను విన్నవే మామయ్యగారూ. సామాన్యులకు ఎక్కవని నా లిస్టులో పెట్టలేదు. అన్నయ్య ధైర్యం చేశాడు, అంతే."

బైండరు తెరిచిన నోరు మూసుకుని, మళ్లీ తెరిచాడు. ఏది బాగా నచ్చిందని మర్యాదగా అడిగాడు.

"మూడోదే, అన్నయ్యా. అందులో చివరి పాట. ఆ ఒకటి తిరిగొచ్చే చోట గొంతు జీరబోతుంది చూడు, అక్కడ నాకు ఏడుపాగలేదు" అన్నాడు తోడల్లుడు. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

మామగారు ఇద్దరల్లుళ్లనూ చెరో పక్కనా కూర్చోబెట్టుకుని, ఈ ఇంటికి నాలుగు చెవులున్నాయని ప్రకటించారు. బైండరు గెలిచాడు. భార్య అతని వైపు గర్వంగా చూసింది, మరదలు బావ దగ్గర ఆ పాట రాయించుకుంటానంది.

అయినా అతనికి మనశ్శాంతి లేదు. తన చేత్తో అతికించిన ఆల్బమ్‌లో తనకు వినపడని పాట తోడల్లుడికి వినపడిందని ఇప్పటికీ కుళ్లుతూనే ఉన్నాడు.