కుదపకూడని సీసా

నవ్వనని మాటిస్తే చెప్తాను. సరే, నవ్వండి, మిమ్మల్ని ఆపడం నా వల్ల ఎక్కడవుతుంది!

పగలంతా ఆఫీసులో బీమా క్లెయిములు చూస్తానా, మిగతా టైమంతా పోర్ట్ వైన్ మీద న్యూస్‌లెటర్ రాసి వారం వారం ఈమెయిల్‌లో వదుల్తుంటాను. పోర్ట్ అంటే తెలుసుగా? ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో బ్రాందీ పోసి ఆ పులియడాన్ని ఆపేస్తారు. తీపి తీపిగానే ఉండిపోతుంది. కుక్కర్ పక్కన నిలబడి రాస్తాను, మా అమ్మాయి లెక్కలు దిద్దుతూ రాస్తాను. పళ్ళ డాక్టర్ దగ్గర నోరు తెరుచుకుని కూడా రాశాను.

చదివేవాళ్ళంతా ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో బిరడా బాబాయి, పీపా పిన్ని అని ఇద్దరు పెద్దలున్నారు. అసలు పేర్లు అడిగే ధైర్యం నాకు లేదు. నన్ను మాత్రం 'ముక్కు మాస్టారు' అంటారు. గ్లాసు వాసన చూస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తానని నేనే కోతలు కోశాను లెండి.

ఆ బాబాయి ఏదో పాత ఇంటి నేలమాళిగలో రెండు సీసాలు సంపాదించి, ఒకటి తను ఉంచుకుని ఇంకోటి నాకు పంపాడు. లైవ్‌లో అందరి ముందూ తెరిచి, వాసన చూసి, రుచి ఎలా ఉందో చెప్పాలట. ఆ సీసా నాకంటే వయసులో పెద్దది. దాని మీద దుమ్ము తుడవడానికి కూడా చెయ్యాడలేదు. మనసులో దాన్ని 'మీరు' అనే పిలిచేవాణ్ణి.

గ్రూపంతా ఓట్లేసి ఒక శనివారం సాయంత్రం ఖాయం చేసింది. నేను గొప్పగా సరేనన్నాక గుర్తొచ్చింది, ఆ శనివారమే మేమంతా సముద్రం చూడ్డానికి బయల్దేరుతున్నామని.

"ఈ ప్రయాణంలో న్యూస్‌లెటర్ మాట నా చెవిన పడిందో, ఇక చూస్కోండి!" అని మా ఆవిడ ముందే హెచ్చరించింది. ఆవిణ్ణి అనడానికి లేదు. పోయినసారి జలపాతం దగ్గర నేను ఫోన్లోంచి తలెత్తేసరికి అందరూ కారెక్కేశారు.

ఇంకో చిక్కుంది. పాత పోర్ట్‌లో అడుగున మడ్డి పేరుకుంటుంది. కుదిపామా, అంతా బురదే. నిటారుగా, మెల్లిగా తీసుకెళ్ళాలి. కారు నడిపేదేమో మా ఆవిడ. ఆవిడ వస్తోందంటే రోడ్డు మీద గుంతలే భయపడాలి.

అందుకని నాకు నడుం నొప్పి వచ్చింది.

నా తెలివి చూడండి మరి. నొప్పి అంటే కారు మెల్లిగా పోతుంది. సాయంత్రం వాళ్ళు బీచ్‌కి పోతారు, నేను గదిలో మూలుగుతూ పడుంటాను, లైవ్ నడిచిపోతుంది. నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

"ఆ తువ్వాల్లో ఏంటండీ?" అంది మా ఆవిడ కారు తీస్తూ.

"వేడినీళ్ళ సీసా. నడుముకి."

"నడుముకైతే ఒళ్ళో ఎందుకు పెట్టుకున్నారు?"

"కాస్త చల్లారనిద్దామని."

"పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు, జోల కూడా పాడండి."

వెనక సీట్లోంచి మా అత్తగారు "పాపం అల్లుడుగారు!" అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు విని లోపల్లోపల మురిసిపోయాను, బుద్ధిలేనివాణ్ణి.

సాయంత్రానికి సముద్రం ఒడ్డున హోటల్ గదిలో దిగాం. తల్లీకూతుళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోకి పరిగెత్తారు. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మీరూ వెళ్ళండి అత్తయ్యగారూ, గాలి బావుంటుంది."

"అయ్యో, మిమ్మల్నిలా వదిలేసి ఇసకలో ఆడుకుంటానా? బోర్లా పడుకోండి."

ఆవిడ సంచిలోంచి ఒక నొప్పుల మందు డబ్బా తీశారు. మూత తియ్యగానే కిటికీలో కూర్చున్న పావురం ఎగిరిపోయింది. నడుముకి రాశారు. వీపుకి రాశారు. "నొప్పి పైకి పాకుతుంది బాబూ" అని మెడకీ కణతలకీ రాసి, వద్దు వద్దంటున్నా వినకుండా ముక్కు కింద కూడా రెండు వేళ్ళతో దట్టంగా పట్టించారు. ఆవిడ చేతుల్లో అంత బలం ఉందని పెళ్ళైన ఇన్నేళ్ళకి తెలిసింది.

తర్వాత చేతులు కడుక్కుని, బాల్కనీలో కుర్చీ వేసుకుని కునుకు తీశారు. లైవ్‌కి టైమైపోయింది. ఫోను నిలబెట్టి, బిరడా తీసి, పల్చటి గుడ్డలోంచి చుక్క చుక్కగా వంచాను.

ఏం రంగండీ అది! గ్లాసులో పొద్దుటెండ నిలబెట్టినట్టుంది. నేను పుట్టకముందు ఎవరో కాలితో తొక్కిన ద్రాక్ష, ఇన్నాళ్ళూ చీకట్లో నాకోసం కూర్చుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని గుండెల్నిండా పీల్చాను.

అత్తగారి డబ్బా వాసన!

మళ్ళీ పీల్చాను. అదే డబ్బా. ఒక గుక్క తాగాను. నాలుక మీదా డబ్బానే.

"చెప్పండి మాస్టారూ!" అన్నాడు బిరడా బాబాయి.

"ఆయన్ని కదిలించకండి, లీనమైపోయారు" అంది పీపా పిన్ని. "ఆ కళ్ళల్లో నీళ్ళు చూడండి!"

నీళ్ళొచ్చింది మందు ఘాటుకి. ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామంటే బాబాయి దగ్గర జోడీ సీసా ఉంది, ఇట్టే పట్టేస్తాడు. నిజం చెప్తే ముక్కు మాస్టారి ముక్కు అందరి ముందూ ఊడుతుంది. అదీగాక, అంత పెద్ద సీసా ముందు అబద్ధానికి నోరు పెగల్లేదు.

"నాకు... నాకేం వాసన రావట్లేదండీ" అన్నాను.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇసక కాళ్ళతో మా ఆవిడ, వెనకే మా అమ్మాయి. నన్ను చూసింది, సీసాని చూసింది, ఫోన్లో నోళ్ళు తెరిచిన అన్ని మొహాల్నీ చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది.

"ముందు తియ్యగా పలకరిస్తోంది" అంది. "ఎండిన అత్తిపళ్ళు, పాత చెక్కపెట్టె. మింగాక గొంతులో వెచ్చగా కసురుతోంది. ఆ తర్వాత మాట్లాడదు, అలాగని వెళ్ళిపోదు. అచ్చం మా అమ్మ అలిగినట్టు."

"నన్నెందుకే మధ్యలోకి లాగుతావు?" అన్నారు బాల్కనీలోంచి అత్తగారు.

బాబాయి తన గ్లాసులోది ఇంకో గుక్క తాగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంతేనమ్మా. అంతే" అన్నాడు. ఇన్నేళ్ళుగా పేజీలు పేజీలు రాసినవాణ్ణి, ఇలాంటి వాక్యం నాకు ఒక్కటీ తగల్లేదు.

లైవ్ ముగిశాక గొణిగాను. "ఎప్పుడు తెలిసింది?"

"గుంత వచ్చిందంటే చాలు, సీటు మీంచి లేచి గాల్లో కూర్చున్నారు. నడుం నొప్పి ఉన్నవాడు చేసే పనేనా అది?"

"అప్పుడే అడగచ్చుగా?"

"అడిగితే ఇంకోటి చెప్తారు. అందుకే కాస్త గట్టిగా రాయమని అమ్మకి చెప్పాను. తువ్వాల్లోంచి సీసా మూతి కనిపిస్తూనే ఉంది, అందుకే ముక్కు కింద రాయమన్నది కూడా నేనే."

సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నాళ్ళు కాచుకున్న సీసా రుచి నాకు చుక్కైనా తెలియకుండా పోయింది. మా ఆవిడ నా మొహం కాసేపు చూసి, మిగిలినదాంట్లోంచి ఒక గ్లాసు నింపి పైన సాసర్ మూత పెట్టింది.

"ముక్కు తిరిగొచ్చాక తాగండి. కానీ ఇల్లు చేరేదాకా ఫోను నా దగ్గరుంటుంది. ఇంకోటి, దీని రుచి గురించి ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. ఇదొక్కటి నాకూ మీకూ మధ్యే ఉండాలి."

సరేనని మాటిచ్చి, ఫోను ఆవిడ చేతిలో పెట్టేశాను.

పొద్దున్నే బాల్కనీలో, ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, ఇద్దరం ఒకే గ్లాసులో తాగాం. నా ముక్కు వచ్చేసింది.

ఎలా ఉందంటారా? మాటిచ్చానండీ. చెప్పను.