అరవై నిండిన వారికే

పాఠకులకు ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నరే అయింది. ఒత్తులు ఒక్కోసారి జారిపోతాయి. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పక్కనున్న టీ చల్లారిపోతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. నాకు చదువు వచ్చింది మంత్రిగారి చలవ వల్లే కాబట్టి, మొదటి రచన ఆయన గొప్పతనం మీదే రాస్తున్నాను.

ఏడాదిన్నర క్రితం మంత్రిగారు మైకు ముందు నిలబడి, “ఇవాళ్టి నుంచి ఇరవై ఒకటి నిండని వారెవరూ పొగాకు కొనలేరు. ఊపిరితిత్తుల చరిత్రలో ఇదొక సువర్ణాధ్యాయం” అని ప్రకటించారు. ఊపిరితిత్తులకు చరిత్ర ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది. పావుగంట చప్పట్లు కొట్టారు.

నాది బస్టాండు ఎదుట చిన్న సిగరెట్ల కొట్టు. మా ఆయన పోతూ పోతూ దగ్గును తనతో తీసుకుపోయి, కొట్టును నాకు వదిలేశారు. నా కూడూ గుడ్డా అందులోంచే.

చట్టం వచ్చిన మర్నాడే లైసెన్సు అధికారిగారు తన గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చారు.

“కార్డులో పుట్టిన తేదీ చదివి, లెక్కకట్టి అమ్మాలి. చదవగలవా అమ్మా?”

“మొహం చూసి చెప్పగలనండీ.”

“మొహం చెల్లదు. మూడు నెలలు టైమిస్తున్నా. చదవడం రాకపోతే కొట్టుకు సీలే.”

అలా బడిలో కూర్చున్నాను. అందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నేను పుట్టిన తేదీలతో మొదలుపెట్టాను. మూడు నెలలకు అధికారిగారు వచ్చి గుమాస్తా కార్డు చేతికిచ్చారు. “నలభై నాలుగేళ్ల రెండు నెలలు” అన్నాను. పాసయ్యాను.

ఈలోపు ప్రతిపక్షం వారు, మేమొస్తే ముప్పై చేస్తామన్నారు. మంత్రిగారు ఆ సాయంత్రమే ముప్పై అయిదు చేశారు. వాళ్లు నలభై అయిదు అన్నారు. మంత్రిగారు యాభై చేసి, “ప్రజారోగ్యం విషయంలో తగ్గేదే లేదు” అన్నారు.

“ఈ యాభైకి ఆధారమేంటి సార్?” అని ఒక విలేకరి అడిగాడు.

“వాళ్ల నలభై అయిదు” అన్నారు మంత్రిగారు.

యాభై అయిన వారంలోనే పార్టీ యువజన విభాగం అధ్యక్షుడు కొట్టుకు వచ్చాడు. జుట్టుకు కొత్తగా రంగు వేశాడు.

“పిన్నీ, ఒక పెట్టె ఇవ్వు.”

కార్డు చూశాను. “నలభై తొమ్మిది. చిన్నవాడివి నాయనా, ఇవ్వకూడదు.”

అతని మొహం వెలిగిపోయింది. “ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టు పిన్నీ. ముసలాడినైపోయానని నా పదవికి ఎసరు పెడుతున్నారు.”

రాసిచ్చాను. నేను రాసిన మొదటి సర్టిఫికెట్ అదే. ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నాడట. ఆ తర్వాత సిగరెట్ కోసం వచ్చేవాళ్లకంటే, ఇవ్వనని రాయించుకునేవాళ్లే ఎక్కువయ్యారు.

ఆఖరికి మంత్రిగారు అరవై చేశారు. “అరవై దాకా బతికినవాణ్ణి పొగాకు ఏం చేస్తుంది?” అన్నారు. మళ్లీ చప్పట్లు.

అధికారిగారి సిగరెట్లు అంతదాకా ఆయన అటెండరు తీసుకెళ్లేవాడు. ఇప్పుడు అటెండరుకు వయసు చాలలేదు. ఒక మధ్యాహ్నం సారే స్వయంగా వచ్చారు, వెనకే గుమాస్తా.

“రోజూ ఇచ్చేదే ఇవ్వమ్మా.”

“కార్డు బాబుగారూ.”

“నా కార్డు అడుగుతావా?”

“అడక్కపోతే సీలన్నది మీరే కదండీ.”

ఇచ్చారు. చదివాను. “యాభై ఏడేళ్ల నాలుగు నెలలు. ఇంకో రెండేళ్ల ఎనిమిది నెలలు ఓపిక పట్టండి.”

సారు వంగి గొంతు తగ్గించారు. “అది రికార్డు వయసమ్మా. బళ్లో వేసేటప్పుడు మా నాన్న ఆరేళ్లు తగ్గించి రాయించాడు. నిజానికి నాకు అరవై మూడు.”

అరవైకి రిటైరు కావాలని రూలు. ఆ కుర్చీ కోసం గుమాస్తా తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“ఆ ముక్క కాస్త గట్టిగా అనండి సార్, రాసుకుంటాను.”

“ఏ ముక్క? నాకు యాభై ఏడు.”

“అయితే ఇవ్వలేనండీ” అన్నాను.

“సరే, అరవై మూడే.”

“రాసుకున్నాను సార్.”

“కొట్టెయ్. యాభై ఏడు.”

“ఇవ్వలేనండీ.”

సారు నా చేతిలోంచి కార్డు లాక్కున్నారు. కోపమో, సిగరెట్ లేకో తెలియదు. “ఈ కొట్టు మూసెయ్యవయ్యా” అన్నారు గుమాస్తాతో.

“కారణం ఏం రాయమంటారు సార్?”

“చట్ట ఉల్లంఘన.”

“అమ్మనందుకా సార్?”

“రాయవయ్యా.”

నా కళ్లముందే తలుపుకు తాళం, తాళానికి గుడ్డ, గుడ్డకు లక్క ముద్ర పడ్డాయి. మెట్టు మీద కూలబడ్డాను. రేపు ఏం తినాలో తోచలేదు. సారు కొంచెం దూరం జరిగి ఎవరికో ఫోన్ చేశారు. నాకు ఒక్క ముక్కే వినిపించింది: “మీకు కూడానా సార్?”

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు మైకు ముందుకు వచ్చారు. లోతైన పరిశోధనలో తేలిందట, మనిషి ఊపిరితిత్తులు సరిగ్గా యాభై ఆరేళ్ల పది నెలలకు పరిపక్వమవుతాయని. కాబట్టి వయసు అంతేనన్నారు. ప్రతిపక్షం వారు కూడా ఎన్నడూ లేనిది, కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు.

పదిగంటలకు సారే వచ్చి లక్క పగలగొట్టారు. తలుపు తీసీ తియ్యగానే ఒక నల్ల కారు వచ్చి ఆగింది. అద్దం నాలుగు వేళ్లు దిగింది. మైకు ముందు ఊపే చెయ్యే, కార్డు పట్టుకుని బయటికి వచ్చింది.

చదివాను. లెక్కకట్టాను. యాభై ఆరేళ్ల పది నెలల ఒక్క రోజు.

పెట్టె ఇచ్చాను.

ఇట్లు,
అందరూ కొట్టు పిన్ని అంటారు. వయసు డెబ్బై, కార్డులో కూడా అంతే. ఉండేది కొట్టు వెనక గదిలో.