ప్రచురితమైన పాలపీక

మానవజాతి సాధించిన మహత్తర విజయాల్లో ఓపెన్ యాక్సెస్ ఒకటని పండితులంతా ఏకగ్రీవంగా అంగీకరించారు. (అంగీకరించని వారి అభిప్రాయం చదవాలంటే చందా కట్టాలి.) ఎవరు రాసిన పరిశోధననైనా ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. చదివేవాళ్లకు తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. రాసేవాళ్లు ఏ తలుపున రావాలన్నది వేరే సంగతి, దాని గురించి పండితులు ఇంకా చర్చించలేదు.

మన పశువైద్యుడికి అప్పటికి ఇవేమీ తెలియవు. పాపం, ఆయన దూడల దగ్గు గురించి ఆలోచిస్తున్నాడు. ఆసుపత్రి వెనకున్న పాడిలో పదకొండు లేగదూడలు ఖళ్లు ఖళ్లున దగ్గుతున్నాయి. మందులు మార్చాడు, సూదులు మార్చాడు, కింద పరిచే గడ్డి కూడా మార్పించాడు. దగ్గు మాత్రం మారలేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే బకెట్టు బోర్లించుకుని కొట్టంలో కూర్చుని, పాలు పట్టడం మొదటినుంచీ చూశాడు. పాలు పట్టే ఆమె సీసాకున్న రబ్బరు పాలపీకను బ్లేడుతో కోసి చిల్లు పెద్దది చేసింది.

“ఇట్లా అయితే గటగటా తాగేస్తాయి డాక్టరుగారూ. లేకపోతే అన్నిటికీ పట్టేసరికి నా నడుం పడిపోతుంది” అంది.

పాలు ధారగా పడి, సగం కడుపులోకీ సగం ఊపిరితిత్తుల్లోకీ పోతున్నాయి. డాక్టరు బ్లేడు లాక్కుని, చిన్న చిల్లున్న కొత్త పాలపీకలు తెప్పించాడు. పదిరోజుల్లో దగ్గు మాయమైంది. ఆయనకు చెల్లెలు లేకపోతే కథ ఇక్కడితో అయిపోయేది.

చెల్లెలూ పశువైద్యురాలే. పక్క పట్టణంలోని ప్రభుత్వ పాడి ఫారంలో నలభై దూడల బాధ్యత ఆమెది. అక్కడా అదే దగ్గు, అదే బ్లేడు.

“అన్నయ్యా, నిన్న ఇంకోటి పోయింది. రెండయ్యాయి” అంది ఫోన్లో.

“పాలపీకలు మార్చవే పిచ్చిదానా! ఎంతసేపు పని?”

“నువ్వనుకున్నంత తేలికా? పాలపీక ఆయుర్దాయం మూడేళ్లట. ఇంకా ఏడాదిన్నర మిగిలుందట. గడువుకు ముందే మార్చాలంటే ప్రచురితమైన ఆధారం చూపించమంటాడు మా సూపరింటెండెంటు.” (పాలపీకకు ఆయుర్దాయం నిర్ణయించిన కమిటీ, సమయాభావం వల్ల దూడకు నిర్ణయించలేకపోయింది.)

“నేను చెప్తున్నానుగా?”

“నువ్వు చెప్తే అన్నయ్య మాట. అచ్చులో వస్తే శాస్త్రం. తొందరగా రాయి అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది.”

డాక్టరు కూర్చున్నచోటే మూడు పేజీలు రాసేశాడు. ఫారానికి చందాలు కట్టే స్తోమత లేదు కాబట్టి ఓపెన్ యాక్సెస్ పశువైద్య పత్రికనే ఎంచుకున్నాడు. “అందరికీ, ఎప్పటికీ, అడ్డు లేకుండా” అన్నది ఆ పత్రిక నినాదం. దాని వెబ్‌సైటు మాత్రం మనుషుల వైద్య పత్రిక ఒకటి వాడి వదిలేసినది.

మొదటి పేజీ రోగి వృత్తి ఏమిటని అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఇచ్చిన జాబితాలో ఉపాధ్యాయుడి నుంచి విమాన చోదకుడి వరకు ఉన్నారు గానీ దూడ లేదు. డాక్టరు ఆలోచించి పదకొండుసార్లు “నిరుద్యోగి” అని నొక్కాడు. వివాహితులా అన్నదానికి కాదన్నాడు. పొగతాగే అలవాటుందా అన్నదానికి, తన ఎరుకలో లేదన్నాడు. ఆఖర్న, వివరాలు వెల్లడించడానికి రోగులే స్వయంగా సంతకం చెయ్యాలని ఉంది.

‘అయ్యా, ఇవి దూడలు’ అని ఉత్తరం రాశాడు. మర్నాడే జవాబొచ్చింది. ‘నిబంధనలో పశువులకు మినహాయింపు లేదు. పశువైద్య పత్రికలో పశువులకు మినహాయింపు ఇస్తే, నిబంధన ఎవరికి వర్తించాలో తమరే సెలవివ్వగలరు.’

సరే కదా అని స్టాంపు ప్యాడు తీసుకుని పదకొండు గిట్టల ముద్రలు వేయించి పంపాడు. రోగులు మైనర్లనీ, తల్లుల ముద్రలు కావాలనీ తిప్పి పంపారు. పది ఆవులు బుద్ధిగా వేశాయి. పదకొండోది కాగితం నమిలి మింగేసింది. (ఇది సమ్మతి కిందకే వస్తుందని పత్రిక న్యాయ విభాగం తేల్చడానికి పన్నెండు రోజులు పట్టింది.)

“నాలుగయ్యాయి అన్నయ్యా” అంది చెల్లెలు. డాక్టరు కంచం పక్కకు జరిపి మళ్లీ వెబ్‌సైటు ముందు కూర్చున్నాడు.

ఇక రెండో పేజీ. ‘రోగి వల్ల గానీ, రోగి బంధువుల వల్ల గానీ రచయిత కుటుంబానికి ఏదైనా ప్రయోజనం అందుతోందా?’ లోకంలో ఎవరైనా లేదని కొట్టిపారేసి ముందుకు పోతారు. మన డాక్టరుకు పొద్దున తాగిన టీ గుర్తొచ్చింది. ఇంట్లోకి పాలు వచ్చేది ఆ పాడి నుంచే. రోగుల కన్నతల్లులు ఇచ్చినవే. నిజాయితీ ఉన్న మనిషి, ‘రోజూ ముప్పావు లీటరు’ అని రాసేశాడు.

“అడిగినవాడికి బుద్ధి లేదు సరే, రాసిన మీకేమైంది?” అంది భార్య.

పత్రిక ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేసింది. రచయిత కుటుంబం వ్యాసం అచ్చయ్యేదాకా పాలు, పెరుగు, నెయ్యి ముట్టరాదనీ, వ్యాసం మంచిచెడ్డలు తేల్చే సమీక్షకుడు కూడా పాలు తాగనివాడై ఉండాలనీ తీర్పు చెప్పింది. ఇల్లంతా నల్ల టీకి దిగింది.

“పెళ్లిచూపుల్లో అబ్బాయికి ఏ అలవాట్లూ లేవన్నారు మీవాళ్లు. ఈ నిజాయితీ సంగతి దాచిపెట్టారు” అంటూ ఆవిడ గ్లాసు టక్కున పెట్టి వెళ్లింది.

చెల్లెలి నుంచి ఇంకోసారి ఫోనొచ్చింది. “అయిదు” అని పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్లే లేవు. చెయ్యడానికి డాక్టరుకు ధైర్యం చాల్లేదు. చేస్తే ఏ అంకె వినాల్సొస్తుందో!

పత్రిక దగ్గరున్న మూడువేల మంది సమీక్షకుల్లో పాలు పడనివాడు ఒకే ఒక్కడు దొరికాడు. ఆయన చేపల డాక్టరు. శ్రద్ధగా చదివి, వ్యాసం ఆశాజనకంగా ఉందంటూనే మూడు లోపాలు చూపించాడు. నీటి ఉష్ణోగ్రత ఇవ్వలేదు. దగ్గును ఎంత లోతులో కొలిచారో తెలియడం లేదు. మొప్పల పరిస్థితి గురించి ఒక్క ముక్క లేదు.

‘దూడలకు మొప్పలుండవు’ అని డాక్టరు సవినయంగా రాశాడు.

‘దగ్గుకు అదే అసలు కారణం కావచ్చు. చర్చించగలరు’ అని తిరిగొచ్చింది.

డాక్టరు పళ్లు బిగించి, మొప్పలు లేకపోవడంపై ఒక పేరా చర్చించాడు. చేపల డాక్టరు సంతోషించాడు. అయిదో నెలలో వ్యాసం వెలువడింది. (అందరూ ఉచితంగా చదవాలంటే ఎవరో ఒకరు కట్టాలి కదా. డాక్టరు కట్టాడు.) ఆయన వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు.

“వచ్చిందే! అచ్చయింది!”

“ఇప్పుడెందుకన్నయ్యా అది?”

“అన్నీ పోయాయా?”

“పోవడమేంటి? అయిదోది నా ఒళ్లో తల పెట్టి పోయింది చూడు, ఆ రోజే బజారుకెళ్లి నా డబ్బుతో పాలపీకలు కొనుక్కొచ్చాను. పాతవి ఎలుకలు కొరికేశాయని రిజిస్టర్లో రాశాను. ముప్పై అయిదూ గంతులేస్తున్నాయి!”

“ఓసినీ! నాలుగు నెలలుగా చస్తున్నానే ఇక్కడ! నాకో మాట చెప్పొద్దూ?”

“చెప్తే ఆ పత్రికవాళ్లకు రాసేస్తావు కదా!”

డాక్టరు ఫోను పట్టుకుని పడీ పడీ నవ్వాడు, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా. అది చూసి భార్య, ఏం జరిగిందని కూడా అడక్కుండా, పాలు పొయ్యిమీద పెట్టింది. ఇంట్లో అంతా రెండేసి గ్లాసులు తాగారు.

వారం తిరక్కుండా పత్రిక నుంచి అభినందనలొచ్చాయి. వ్యాసాన్ని అప్పుడే ఒకరు చదివారట. మొదటినుంచి చివరిదాకా చదివి, మూడు ప్రతులు ముద్రించుకున్నారట. డాక్టరు పొంగిపోయి ఆ సంగతి చెల్లెలికి చెప్పబోయేంతలో ఆమే ఫోన్ చేసి, చేతికందిన మెమో చదివి వినిపించింది. చదివినది సూపరింటెండెంటు. అడ్డు లేకుండా, ఉచితంగా, ఎర్ర ఇంకుతో గీతలు గీసుకుంటూ చదివాడు. పాలపీక మారిస్తే తప్ప ఈ దగ్గు తగ్గదని వ్యాసం నిరూపించింది. ఫారంలో దగ్గు తగ్గింది. కాబట్టి పాలపీకలు మార్చారు. మార్చిన నాటికి ప్రచురితమైన ఆధారం లేదు. పైగా వ్యాసంలో ఎలుకల ప్రస్తావనే లేదు.

కావున ముప్పై అయిదు దూడలు ముందస్తు అనుమతి లేకుండా బతికి ఉండటానికి గల కారణాలను ఏడురోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలనీ, లేనిపక్షంలో ఉద్యోగం నుంచి తప్పించడం జరుగుతుందనీ మెమోలో ఉంది. సంజాయిషీకి మద్దతుగా ప్రచురితమైన వ్యాసాలు ఎన్నయినా జతపరచవచ్చు, అవి సొంత అన్నదమ్ములు రాసినవై ఉండరాదు.