కళ్లజోడు బోర్డు కేసులో డిస్కు

ఆ రోజు బావమరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక డిస్కు రైట్ చేసి, కవర్లో పెట్టి, బావగారి చేతికిచ్చి, తీరిగ్గా రెండో కాఫీ తాగాలి. అంతే.

బావగారు లాయరు. ఇంటి ముందుగదే ఆఫీసు. అందులో రెండు బీరువాలు, ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద ఒక కంప్యూటరు ఉన్నాయి. పనిచేస్తున్న కంపెనీ మూతపడ్డాక తమ్ముణ్ణి అక్కే తీసుకొచ్చి ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. కూర్చున్న వారానికే అతను అందులో ఉన్న విండోసునంతా ఊడ్చేసి లినక్స్ ఎక్కించాడు. లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ కూడా డబ్బా మీద అంటించాడు. మౌసు పట్టుకుని మెనూల్లో తడుముకునే వాళ్లంటే అతనికి జాలి. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే యంత్రం నోరు మూసుకుని మాట వింటుందని అతని నమ్మకం. ఇంట్లో అతని మాట వినేది అదొక్కటే కాబట్టి ఆ నమ్మకాన్ని ఎవరూ కదిలించలేదు.

కేసు ఒక కళ్లజోడుది. బజార్లో ఒక బేకరీ, దాని పక్కనే కళ్లజోళ్ల దుకాణం. దుకాణం ముందు మనిషెత్తు కళ్లజోడు బోర్డు నిలబెట్టి ఉంటుంది. ఒకనాటి పొద్దున దాని కుడి అద్దం భళ్లున పగిలింది. బేకరీ వ్యాను వెనక్కి వస్తూ గుద్దిందని కళ్లజోళ్లాయన దావా వేశాడు. తాను ఆ సమయంలో పార్కులో నడుస్తున్నానని, దారినపోయే వాళ్లు చెబితే తెలిసిందని అందులో రాశాడు. లాయరుగారి క్లయింటయిన బేకరీ ఆయన మాత్రం తన వ్యాను ఆ పక్కకే పోలేదని ఒకటే మాట మీద నిలబడ్డాడు. బేకరీ గుమ్మం మీద కెమెరా ఉంది. ఆ పొద్దుటి రికార్డింగును పెన్ డ్రైవులో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీరు చూశారా?" అడిగారు లాయరుగారు.

"నాకు తీరికెక్కడిది సార్? పొయ్యి దగ్గర్నుంచి కదిలితే కదా! వ్యాను నడిపేది మా బావమరిదే. వాడు అబద్ధం చెప్పడు."

లాయరుగారు తన బావమరిది వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు.

"పోనీ మనమైనా ఒకసారి చూద్దామండీ," అంది అక్క.

"గంటల కొద్దీ ఉంది, ఎవడు చూస్తాడు? చూడటం జడ్జిగారి పని, పెట్టడం మన పని," అని లాయరుగారు తేల్చేశారు.

కోర్టువారు పెన్ డ్రైవును వేలితో కూడా ముట్టుకోరు. ఏదైనా సీడీ లాంటి డిస్కు మీద, అదీ సీలు వేసి ఇవ్వాలి. డిస్కులు వాడటం జనం మానేసి చాలాకాలమైంది కాబట్టి వాటి మీదికి ఎక్కించే రైటరు దొరకడమే గగనమైంది. చివరికి ఫొటో స్టూడియో అటక మీది పాత రైటరును బావమరిది బతిమాలి తెచ్చుకున్నాడు. దుమ్ము దులిపి, కంప్యూటరుకు తగిలించి, "అరగంట పని బావా," అన్నాడు.

"అరగంటో, అరపూటో! ఈ డిస్కు మధ్యాహ్నం కోర్టులో ఆడకపోతే ఆ పెంగ్విను నా బల్ల మీంచి దిగిపోవాలి. రేపట్నుంచి నువ్వు మా చిన్నాన్న జిరాక్సు షాపులో కూర్చోవాలి. ఆయనతో మాట్లాడి ఉంచాను."

బావమరిది రైటరు వైరును ఇంకోసారి గట్టిగా నొక్కాడు. చిన్నాన్నగారి షాపులో మిషను వేడి ఒక ఎత్తు. రోజంతా ఆయన తన మోకాళ్ల గురించి చెప్పే కబుర్లు ఒక ఎత్తు.

తెల్లవారుజాము నుంచి అదే కంప్యూటరులో వాదన టైపు చేసుకుంటున్న లాయరుగారు స్నానానికి లేచారు. ఖాళీ అయిన కుర్చీలో బావమరిది కూర్చుని, నల్లతెర తెరిచి, డిస్కులు రైట్ చేసే ప్రోగ్రాం దింపమని ఆజ్ఞ వేశాడు. బొమ్మలూ బటన్లూ లేని, ఆజ్ఞలు మాత్రమే తెలిసిన ప్రోగ్రాం అది. బుద్ధిగా దిగింది. అతను కాలరు సర్దుకుని దాన్ని పిలిచాడు. ఈ రైటరును ముట్టుకునే అధికారం నీకు లేదు పొమ్మంది.

తను ఎక్కించిన లినక్సే తనకు అధికారం లేదనడం బావమరిదికి చిన్నతనంగా అనిపించింది. ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్టులో పెట్టిన సూచనలు వెతికి చదివాడు. రైటరు వాడదగిన వాళ్ల జాబితాలో తన పేరు చేర్చుకోవాలట, తరువాత ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలట. చేర్చుకున్నాడు. లాగౌట్ నొక్కాడు. యంత్రం ఏదో అడగబోయింది. అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టాడు. తెర ఆరి, వెలిగి, కడిగిన పళ్లెంలా శుభ్రంగా వచ్చింది.

భుజాన తువ్వాలుతో లాయరుగారు కూడా అప్పుడే వచ్చారు. "నా వాదన ఏదీ?"

"సేవ్... చేశారా బావా?"

"సేవ్ చెయ్యడం నీ పని! వాదించడం నా పని!"

అక్క వంటింట్లోంచి తొంగిచూసి, సంగతి గ్రహించి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. లాయరుగారు కుర్చీలో కూలబడి కాసేపు పెంగ్విను వంక చూశారు.

"సరే. ఇక నా దగ్గర వాదనంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా ఆ డిస్కే."

ఆ మాటతో బావమరిది డిస్కులు లెక్కపెట్టుకున్నాడు. ఉన్న డిస్కులే కొన్ని, ఒకటి పాడయినా గొడవే. పుణ్యాత్ముడి సూచనల్లో దానికీ విరుగుడు ఉంది. ఆజ్ఞలో 'డమ్మీ' అనే మాట చేరిస్తే రైటరు లేజరు వెలిగించకుండా ఉత్తుత్తి పని చేసి చూపిస్తుంది. డిస్కు తిరుగుతుంది, లెక్క నూటికి చేరుతుంది, డిస్కు మాత్రం ఖాళీగా ఉంటుంది. రిహార్సలన్నమాట. అతనికి అది ఎంతో నచ్చింది. ఆజ్ఞ రైలంత పొడుగుంది. కంగారులో ప్రతిసారీ అంత టైపు చేస్తే తప్పులు దొర్లుతాయని, మొత్తం ఆజ్ఞకు 'రాసెయ్' అని ముద్దుపేరు పెట్టి దాచుకున్నాడు. 'రాసెయ్' అని కొట్టాడు. రిహార్సలు దివ్యంగా జరిగింది. హమ్మయ్య అనుకుని, ఈసారి నిజంగానే 'రాసెయ్' అని కొట్టాడు. మళ్లీ దివ్యంగా జరిగింది. క్లయింటుకని ఇంకొకటి కూడా చేశాడు. అక్క కవరు మీద చక్కటి అక్షరాలతో 'సాక్ష్యం' అని రాసిపెట్టింది. లాయరుగారు లక్క కరిగించి సీలు వేశారు.

కోర్టులో కవరుకు ముద్ర పడింది. మధ్యాహ్నం అందరి ముందూ తెరిచి చూద్దామన్నారు జడ్జిగారు. వాదన పోగొట్టుకున్న లాయరుగారు కవరు వైపు వేలు చూపించి, "ఆ రోజు పొద్దున ఆ వీధిలో ఎవరెవరు ఏమేం చేశారో అంతా అందులో ఉంది," అని మాత్రం చెప్పి కూర్చున్నారు. ఆయన అంత క్లుప్తంగా మాట్లాడటం ఆ కోర్టులో ఎవరూ ఎరగరు. కళ్లజోళ్లాయన ఉలిక్కిపడ్డాడు. పక్కనే ఆయన భార్య ఒళ్లో మందుల సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన ఒంట్లోని చక్కెరకు కాపలా ఆవిడే.

భోజనాల విరామంలో బేకరీ ఆయన తన డిస్కును షాపుకు తీసుకెళ్లి, టీవీ కింది ప్లేయరులో పెట్టి, పరుగున తిరిగి వచ్చాడు. వరండాలో బావమరిదిని పట్టుకుని, "బాబూ, ఇందులో ఏమీ లేదేంటి?" అన్నాడు.

బావమరిది డిస్కు తిప్పి చూశాడు. రైట్ అయిన డిస్కు మీద ఒక వలయం తేలాలి. ఇది కొత్త పెళ్లికొడుకు మొహంలా ఏ మచ్చా లేకుండా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ముద్దుపేరు పెట్టి దాచిన ఆజ్ఞలో 'డమ్మీ' అలాగే ఉండిపోయింది. తను ఎన్నిసార్లు కొట్టినా యంత్రం అన్నిసార్లూ రిహార్సలే చేసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల సీలు వేసి ఉన్నదీ దీని తోబుట్టువే.

వరండా చివర లాయరుగారు నిలబడి ఉన్నారు. ఆయనకు కాస్త అవతల కళ్లజోళ్లాయన తచ్చాడుతున్నాడు. బావమరిది చెమటలు కక్కుతూ వెళ్లి, "బావా, ఆ డిస్కులో..." అన్నాడు.

"నోరుముయ్! డిస్కులో ఏముందో జడ్జిగారి ముందే తేలాలి!" అని లాయరుగారు గట్టిగా అరిచారు, అవతలి వాళ్లకు వినపడాలనే.

"అది కాదు బావా. అది తెరిస్తే పరువు పోతుంది..."

"పోనీ! ఎవరిది పోతుందో అందరూ చూస్తారుగా!"

ఇక చెప్పి లాభం లేదని బావమరిది స్తంభానికి జారగిలబడ్డాడు. జిరాక్సు మిషను వేడి ఇప్పుడే తగులుతున్నట్టుంది. కాసేపటికి కళ్లజోళ్లాయన పిల్లిలా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, డిస్కు చేసింది నువ్వేనట. అందులో వీధి ఒక్కటేనా? బేకరీ మెట్లు కూడా కనిపిస్తాయా?"

"నన్నేమీ అడక్కండి," అన్నాడు బావమరిది. ఏడుపొక్కటే తక్కువ. "అది తెరిస్తే ఒక కాపురం చెడుతుంది, ఇంతకంటే చెప్పలేను." చెడేది అక్కాబావల ఇంట్లో తన కాపురమని అతని ఉద్దేశం.

కళ్లజోళ్లాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. బెంచీ మీద భార్య మందుబిళ్లలు చేతిలో పోసుకుంటోంది. ఆయన అటు చూసి, ఇటు చూసి, తన లాయరును వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

విరామం తరువాత కోర్టు కూర్చోగానే అవతలి లాయరు లేచి, తన క్లయింటు దావా వెనక్కి తీసుకుంటున్నాడని చెప్పాడు. ఇరుగుపొరుగు అన్నాక కొట్లాట మంచిది కాదని ఆయనకు ఇప్పుడే అనిపించిందట. బేకరీ ఆయన ఆనందం పట్టలేకపోయాడు. "ఆ అద్దం నేనే వేయిస్తాను సార్! పక్కపక్కన బతికేవాళ్లం!" అన్నాడు. జడ్జిగారు ఇద్దర్నీ మెచ్చుకుని, కవరును సీలు విప్పకుండానే తిరిగి ఇప్పించారు.

ఇంటికి వచ్చాక లాయరుగారు నేల మీద నడవలేదు. అక్క మాత్రం పట్టు విడవలేదు. "గెలిచారు కదా, ఇప్పుడైనా చూద్దాం."

ఆయనే స్వయంగా సీలు విప్పి డిస్కు పెట్టారు. తెర మీద ఏమీ రాలేదు. బావమరిది తల వంచుకుని, డమ్మీ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. లాయరుగారి మొహం ఎర్రబడి, పాలిపోయి, మళ్లీ ఎర్రబడింది. ఈలోగా అక్క పెన్ డ్రైవు తగిలించి, ఆ పొద్దుటి భాగం వెతికి పట్టుకుంది.

తెర మీద కళ్లజోళ్లాయన కనిపించాడు. పార్కులో కాదు, బేకరీ మెట్టు మీద, వీధికి వీపు పెట్టి, క్రీమ్ బన్నును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని తింటున్నాడు. ఆయన వెనక బేకరీ వ్యాను నింపాదిగా వెనక్కి వచ్చి కళ్లజోడు కుడి కంట్లో దిగింది. ఆయన ఉలిక్కిపడి తిరిగి చూసి, మూతి తుడుచుకుని సందులోకి మాయమయ్యాడు. అబద్ధం చెప్పని ఆ బేకరీ ఆయన బావమరిది వ్యాను దిగి, అటూ ఇటూ చూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు.

అక్క రికార్డింగు ఆపింది.

"ఇది కోర్టులో ఆడి ఉంటే మనం ఓడేవాళ్లం," అంది అక్క.

"ఓడటమే కాదు, ఆ బన్నుతో కళ్లజోళ్లాయన ఇంట్లో కూడా ఇంకో కేసు పడేది," అన్నారు లాయరుగారు. "బోర్డుకి అద్దం వస్తోంది, కాపురం నిలబడింది, నా క్లయింటు చేతే తప్పు దిద్దించాం. సాక్ష్యం అడ్డు రాకుండా న్యాయం జరగడం నా పాతికేళ్ల ప్రాక్టీసులో ఇదే మొదటిసారి." ఆయన పెన్ డ్రైవు పీకి జేబులో వేసుకుని, చిన్నాన్నగారికి ఫోను చేసి మనిషి అక్కర్లేదని చెప్పారు. బావమరిదికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"వచ్చే వారం ఇంకో కేసులో డిస్కు పెట్టాలి, అదీ నువ్వే చెయ్యి," అన్నారు లాయరుగారు.

బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. "ఆ డమ్మీ మాట ఇప్పుడే తీసేస్తాను బావా. ఈసారి మాత్రం సరిగ్గా చేస్తాను."

"అంత తొందరేం లేదు," అన్నారు బావగారు.